కొత్త విండోస్ వచ్చింది, మన పిల్లలకు ఏం నేర్పాలి?

2025 అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10కు అందిస్తున్న ఉచిత భద్రతా సేవలను మైక్రోసాఫ్ట్ సంస్థ ముగించింది. 2015 జూలై 29న విడుదలై, పదేళ్లపాటు మన ఇళ్లలో, ఇంటర్నెట్ కేంద్రాలలో, కళాశాలల ప్రయోగశాలలలో పనిచేసిన వ్యవస్థ అది. పత్రికలలో ఈ విషయం సాంకేతిక వార్తగా ఒక మూలన వచ్చి వెళ్లిపోయింది. మా దృష్టిలో మాత్రం ఇది కుటుంబాలకు సంబంధించిన వార్త, పిల్లల కొలువులకు సంబంధించిన వార్త. యాకుత్‌పురాలోనో, టోలీచౌకీలోనో ఒక తండ్రి తన బిడ్డ ఇంజనీరింగ్ చదువు కోసం రూపాయి రూపాయి కూడబెట్టి కొన్న సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ ఎంతకాలం పనికివస్తుందో ఎక్కడో కూర్చున్నవారు నిర్ణయిస్తున్నారు. ఆ నిర్ణయం వచ్చినప్పుడు మనం ఏం చేయాలన్నదే ఈ వ్యాసంలో ముఖ్యాంశం.

మేము ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా మూడు దశాబ్దాలకు పైగా పనిచేసి పదవీ విరమణ చేశాము. బస్తీ పిల్లలకు స్కాలర్‌షిప్ ఫారాలు నింపిపెట్టడం, కౌన్సెలింగ్ తేదీలు గుర్తుచేయడం ఇప్పుడు మా వ్యాపకం. కంప్యూటర్ ఇంజనీరులం కాము. అయితే ఈ పని చేస్తూ చూసినవి, తెలిసినవారిని అడిగి తెలుసుకున్నవి పాఠకుల ముందు ఉంచడం మా బాధ్యత అనుకుంటున్నాము.

అసలు ఏం మారింది?

కంప్యూటరులోని యంత్రభాగాలకూ, మనం వాడే ప్రోగ్రాములకూ నడుమ నిలిచి పని జరిపించేదే ఆపరేటింగ్ సిస్టం. కార్యాలయంలో హెడ్ గుమాస్తా ఏ కాగితం ఎవరి బల్లకు వెళ్లాలో, ఏ బీరువా తాళం ఎవరి దగ్గర ఉండాలో చూసినట్టే, ఏ ప్రోగ్రాముకు ఎంత మెమరీ ఇవ్వాలో, ఏ ఫైలు ఎవరు తెరవవచ్చో అది చూస్తుంది. భద్రతా సేవలు ఆగిపోయినంత మాత్రాన విండోస్ 10 కంప్యూటర్ పనిచేయడం మానదు. కాని కొత్తగా బయటపడే లోపాలను సరిచేసేవారు ఉండరు. తాళం అరిగిపోయినా మార్చని బీరువాలాగా అది మిగిలిపోతుంది.

విండోస్ 11కు మారడానికి లైసెన్సు ఖర్చు లేదు గాని, షరతులు ఉన్నాయి. 2021 అక్టోబరు 5న విడుదలైన ఈ వ్యవస్థకు టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు, సెక్యూర్ బూట్, కనీసం 4 జీబీ మెమరీ, 64 జీబీ నిల్వ ఉండాలి. వీటన్నిటికీ మించి, ప్రాసెసర్ మైక్రోసాఫ్ట్ ఆమోదించిన జాబితాలో ఉండాలి. ఇంటెల్ ప్రాసెసర్లలో ఒకటి రెండు మినహాయింపులు తప్ప, ఆ జాబితా 2017లో వచ్చిన 8వ తరం నుంచి మొదలవుతుంది. అంటే అంతకు ముందు తరాల ల్యాప్‌టాప్ ఎంత చక్కగా పనిచేస్తున్నా, అధికారికంగా దానికి విండోస్ 11 లేదు. మనవాళ్లు కొనేవి ఎక్కువగా ఇలాంటివే. కంపెనీలు వాడి వదిలేసిన యంత్రాలు సికింద్రాబాద్ చినాయ్ ట్రేడ్ సెంటర్ వంటి చోట్లకు చేరి, అక్కడి నుంచి మన ఇళ్లకు వస్తాయి.

కాబట్టి సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ కొనేవారు ఐ5, ఐ7 అన్న పేరు చూసి సంతోషపడితే చాలదు. గీత తరువాత వచ్చే అంకెను చూడాలి. ఐ5-7200 అని ఉంటే అది 7వ తరం. ఐ5-8250 అని ఉంటే 8వ తరం. ఈ ఒక్క అంకె తేడాతో ఒక యంత్రానికి విండోస్ 11 దక్కుతుంది, ఇంకొక దానికి దక్కదు. షరతులను తప్పించి విండోస్ 11 వేసి ఇస్తామని చెప్పే దుకాణాలు ఉన్నాయి. అలా వేసిన యంత్రానికి భద్రతా నవీకరణలు అందుతాయన్న హామీ మైక్రోసాఫ్ట్ ఇవ్వడం లేదని గుర్తుంచుకోవాలి.

ఇప్పటికే విండోస్ 10 వాడుతున్న ఇళ్లవారు కంగారుపడి యంత్రాన్ని తూకానికి అమ్ముకోవద్దు. గృహ వినియోగదారులకు 2026 అక్టోబరు 13 వరకు పొడిగింపు భద్రతా సేవ ప్రకటించారు. మైక్రోసాఫ్ట్ ఖాతాతో తమ సెట్టింగులను అనుసంధానం చేసుకునేవారికి దీనికి రుసుము లేదు. అలా ఇష్టం లేనివారికి 30 డాలర్ల రుసుము ఉంది. సెట్టింగ్స్‌లోని విండోస్ అప్‌డేట్ పేజీలోనే నమోదు చేసుకోవచ్చు. ఆ తరువాతి మార్గం గురించి ముందు చెబుతాము.

కొత్త విశేషాలలో ఏది మన పిల్లలకు?

ఇప్పుడు ప్రకటనలన్నీ కృత్రిమ మేధ చుట్టూ తిరుగుతున్నాయి. 2024 మేలో మైక్రోసాఫ్ట్ కోపైలట్ ప్లస్ పీసీ అనే కొత్త వర్గాన్ని ప్రకటించింది. దానికి సెకనుకు 40 లక్షల కోట్ల లెక్కలు చేసే ప్రత్యేక ప్రాసెసర్, 16 జీబీ మెమరీ, 256 జీబీ నిల్వ కనీస అర్హతలు. ఇది లేకుంటే రేపు ఉద్యోగం రాదని దుకాణాలలో కొందరు తల్లిదండ్రులకు నూరిపోస్తున్నారు. ఆ మాట నమ్మి వడ్డీకి అప్పు చేసి కొత్త యంత్రం కొనడానికి సిద్ధపడిన కుటుంబాలను మేము చూశాము.

వారికి మా మనవి ఒక్కటే. సీ, జావా, పైథాన్, డేటాబేస్ నేర్చుకునే విద్యార్థికి 8 జీబీ మెమరీ ఉన్న సాధారణ ల్యాప్‌టాప్ సరిపోతుంది. కృత్రిమ మేధ పాఠాలు కూడా బ్రౌజరు ద్వారా దూరంలోని సర్వర్ల మీద నడుపుకోవచ్చు. గూగుల్ కొలాబ్ వంటి సేవలలో ఇందుకు ఉచిత సదుపాయం ఉంది. వడ్డీ ఊబిలో దిగి కొనవలసిన వస్తువు కాదది.

రీకాల్ అనే మరో విశేషం గురించి కూడా తెలుసుకోవాలి. ఇది కోపైలట్ ప్లస్ కంప్యూటర్లలో తెర మీద కనిపించేవాటిని తరచూ చిత్రాలుగా దాచిపెట్టి, తరువాత వెతుక్కోవడానికి వీలు కల్పిస్తుంది. 2024లో ప్రకటించగానే గోప్యత మీద తీవ్ర విమర్శలు వచ్చాయి. దానితో వాయిదా వేసి, మార్పులు చేసి, 2025 ఏప్రిల్‌లో అందుబాటులోకి తెచ్చారు. వాడుకరి అనుమతిస్తేనే ఇది పనిచేస్తుంది. ఒకే కంప్యూటరును అన్న, చెల్లెలు, తండ్రి పంచుకునే ఇల్లు మనది. బ్యాంకు వివరాలు, ఆధార్ కాగితాలు, ఆడపిల్లల ఫోటోలు అందులోనే ఉంటాయి. అందుచేత ఇంట్లో ఒక్కొక్కరికీ వేర్వేరు లాగిన్ పెట్టుకోవాలి. అవసరం లేనప్పుడు ఇటువంటి వాటికి అనుమతి ఇవ్వకూడదు.

ఇంకొక జాగ్రత్త దీనికంటే ముఖ్యమైనది. విండోస్ 11 హోమ్‌ను మొదటిసారి సిద్ధం చేసేటప్పుడు ఇంటర్నెట్, మైక్రోసాఫ్ట్ ఖాతా అడుగుతుంది. ఇటీవలి రూపాలను కొత్తగా స్థాపించినప్పుడు, యంత్రం అందుకు తగినదైతే, డిస్కులోని సమాచారానికి తాళం దానంతట అదే పడుతుంది. ఆ తాళానికి చెందిన రికవరీ కీ మొదట వాడిన ఖాతాలో భద్రమవుతుంది. మాకు తెలిసిన ఒక విద్యార్థి ల్యాప్‌టాప్‌ను దుకాణదారు తన సొంత ఖాతాతో సిద్ధం చేసి ఇచ్చాడు. పరీక్షల ముందు అది కీ అడిగి ఆగిపోయింది. దుకాణదారుకు ఆ ఖాతా గుర్తులేదు. ఆ పిల్లవాడి ప్రాజెక్టు పని మొత్తం పోయింది. ఖాతా విద్యార్థి పేరనే ఉండాలి. సంకేతపదం, రికవరీ కీ ఇంట్లో కాగితం మీద రాసి, పాస్‌బుక్కు పెట్టే చోట పెట్టుకోవాలి.

ఇక విద్యార్థికి అన్నిటికంటే పనికివచ్చే విశేషం ప్రకటనలలో కనిపించదు. విండోస్ లోపలే లినక్స్ అనే మరో ఆపరేటింగ్ సిస్టంను నడుపుకొనే సదుపాయం అది. ఒక్క ఆదేశంతో దానిని స్థాపించుకోవచ్చు. 2025 మేలో మైక్రోసాఫ్ట్ దాని మూల సంకేతాన్ని కూడా బహిరంగపరిచింది. విండోస్‌ను తయారుచేసే సంస్థే లినక్స్‌ను తన ఇంట్లోకి ఎందుకు ఆహ్వానించింది? ఇంటర్నెట్‌ను నడిపే సర్వర్లలో అధిక భాగం లినక్స్ మీద నడుస్తున్నాయి కనుక. మైక్రోసాఫ్ట్ సొంత క్లౌడ్ అయిన అజూర్‌లోనూ సగానికి పైగా పని లినక్స్‌దే. మన చేతిలోని ఆండ్రాయిడ్ ఫోను లోపల ఉన్నదీ లినక్స్ గర్భమే. హెల్సింకీలో చదువుకుంటున్న 21 ఏళ్ల విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ 1991లో దీనిని మొదలుపెట్టాడు. ఇది ఉచితం. లోపల ఏముందో ఎవరైనా తెరిచి చూసి నేర్చుకోవచ్చు.

నిలిచే విద్య, నిలవని విద్య

మా ఉద్యోగ కాలంలో ఫైళ్లను టాటెన్‌హామ్ పద్ధతి ప్రకారం నడిపేవారము. పని ముగిసిన ఫైలును ఎంతకాలం ఉంచాలో దాని మీదనే రాసేవారము. ఎల్.డిస్. అని రాస్తే అది కొద్దికాలానికే తగలబెట్టవలసినది. ఆర్.డిస్. అని రాస్తే శాశ్వతంగా రికార్డు గదిలో ఉండవలసినది. కంప్యూటర్ చదువును కూడా ఇలాగే విభజించి చూడాలని మా అభిప్రాయం.

ఏ బొత్తాము ఎక్కడ ఉంది, స్టార్ట్ మెనూ ఎడమకు ఉందా నడుమకు ఉందా, ఏ రంగు పెట్టె నొక్కితే ఏమి తెరుచుకుంటుంది అన్నది ఎల్.డిస్. విద్య. తరువాతి రూపం రాగానే అది చెల్లదు. మెమరీ ఎలా పంచబడుతుంది, ఒక ప్రోగ్రాము నడవడమంటే ఏమిటి, ఫైలు అనుమతులు ఎందుకు, రెండు కంప్యూటర్లు నెట్‌వర్క్ మీద ఎలా మాట్లాడుకుంటాయి, తాళం వేయడం వెనుక గణితం ఏమిటి అన్నది ఆర్.డిస్. విద్య. విండోస్ 10 పోయినా, రేపు 11 పోయినా అది నిలుస్తుంది.

మా కార్యాలయాలలోకి కంప్యూటర్లు వచ్చినప్పుడు ఇదే చూశాము. టైపు హయ్యర్ పాసైన చేతివేగం ఒక్కటే ఆస్తిగా ఉన్నవారు కష్టపడ్డారు. కరెంట్ నంబరు నుంచి పర్సనల్ రిజిస్టర్ వరకు కాగితం నడక తెలిసినవారు, యంత్రం ఏదైనా నాలుగు నెలల్లో సర్దుకున్నారు.

మన బస్తీలలోని శిక్షణ కేంద్రాలు చాలామటుకు ఎల్.డిస్. విద్యనే అమ్ముతున్నాయి. మూడు నెలల ఆఫీసు కోర్సు, అందమైన సర్టిఫికెట్టు, ఆపైన ఏమీ లేదు. అమీర్‌పేటలో ఫీజు కట్టి నేర్చుకున్న పిల్లలలో కూడా చాలామంది ప్రశ్నలకు జవాబులు బట్టీపట్టి ఇంటర్వ్యూలకు వెళ్తున్నారు. బట్టీపట్టిన జవాబును ఇప్పుడు కృత్రిమ మేధ క్షణంలో రాసి ఇస్తుంది. అది రాసిన దానిలో తప్పు ఎక్కడుందో చెప్పగలవాడు సంస్థలకు కావాలి. లోపలి పని తెలియనివాడు ఆ తప్పును పట్టలేడు.

ఐటీ కారిడార్‌లో కొలువులు అంటే ప్రోగ్రాములు రాయడం ఒక్కటే అని కూడా మనవారిలో ఒక అపోహ ఉంది. డెస్క్‌టాప్ సపోర్టులో చేరి, యాక్టివ్ డైరెక్టరీ, పవర్‌షెల్, నెట్‌వర్కింగ్ నేర్చుకుని సిస్టం అడ్మినిస్ట్రేటరుగా ఎదగవచ్చు. అక్కడి నుంచి క్లౌడ్‌కు, సైబర్ భద్రతకు దారి ఉంది. కంపెనీలు విండోస్ 10 నుంచి 11కు మారడమే ఒక పెద్ద పని. వేల యంత్రాలలో ఏది అర్హమో తేల్చాలి, సమాచారం పోకుండా తరలించాలి, పాత డిస్కులను సురక్షితంగా తుడవాలి. ఇటువంటి పనులకు ఇంజనీరింగ్ పట్టా ఉన్నవారే కానక్కరలేదు. పాలిటెక్నిక్ చదివినవారు, బీఎస్సీ, బీకాం కంప్యూటర్స్ చదివినవారు కూడా అర్హులే. పాఠాలకు లక్షలు పోయవలసిన పని లేదు. ప్రభుత్వం 2017లో ఆరంభించిన స్వయం వేదికలో, మైక్రోసాఫ్ట్ లెర్న్‌లో పాఠాలు ఉచితం.

కొందరు మిత్రులు అంటారు: ‘కంపెనీలన్నీ విండోస్ వాడుతుంటే, మన పిల్లలకు లినక్స్ నేర్పి వెనక్కి నెట్టడం ఎందుకు?’ రెండూ నేర్పమంటున్నాము. ఒక భాష వచ్చినవాడికంటే రెండు భాషలు వచ్చినవాడికి బేరం ఎక్కువ. ఈ మాట ఉర్దూ, తెలుగు రెండూ మాట్లాడే మనకు ఒకరు చెప్పవలసినది కాదు.

పది కిలోమీటర్ల దూరం, పాతికేళ్ల దూరం

హైటెక్ సిటీలోని సైబర్ టవర్స్‌ను 1998 నవంబరు 22న నాటి ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించారు. మైక్రోసాఫ్ట్ తన భారత అభివృద్ధి కేంద్రాన్ని హైదరాబాదులో నెలకొల్పింది కూడా 1998లోనే. ఆ సంస్థకు 2014 నుంచి సారథిగా ఉన్న సత్య నాదెళ్ల బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూలులో చదివినవారు. ప్రపంచమంతా వాడే సాఫ్ట్‌వేర్ మీద మన నగరంలోనే పని జరుగుతున్నది. 2011 జనగణన ప్రకారం హైదరాబాద్ జిల్లా జనాభాలో ముస్లింలు 43 శాతానికి పైగా ఉన్నారు. మేము చూసినంతలో, ఆ కారిడార్‌లో క్యాబ్ డ్రైవర్లుగా, డెలివరీ కుర్రవాళ్లుగా మనవారు కనబడినంతగా ఇంజనీర్ల వరుసలలో కనబడరు.

మెట్రో రైలు 2019 మార్చిలో హైటెక్ సిటీకి చేరింది. పాతబస్తీ మెట్రోకు మళ్లీ శంకుస్థాపన జరిగింది 2024 మార్చిలో. మణికొండ జాగీరులోని హజ్రత్ హుస్సేన్ షా వలీ దర్గా భూముల సంగతి మన పాఠకులకు తెలిసినదే. కారిడార్‌లోని పలు సంస్థలకు కేటాయించిన భూములు ఆ వివాద పరిధిలో ఉండేవి. సుమారు 1654 ఎకరాలు వక్ఫ్ ఆస్తి కాదని, ప్రభుత్వానివేనని 2022 ఫిబ్రవరి 7న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ నేల మీద మన వాదన అక్కడితో ముగిసింది. ఆ నేల మీద లేచిన కొలువులలో న్యాయమైన వాటా కోసం చేయవలసిన పని ముగియలేదు. అది కోర్టులో తేలేది కాదు, కంప్యూటర్ గదులలో తేలేది.

బీసీ-ఇ కింద 4 శాతం రిజర్వేషన్, ఫీజు రీయింబర్స్‌మెంట్ మన పిల్లలను ఇంజనీరింగ్ కళాశాల గడప ఎక్కించాయి. 2016లో 71 పాఠశాలలతో మొదలైన తెలంగాణ మైనారిటీ గురుకులాలు 204కు పెరిగాయి. ఇవి పోరాడి సాధించుకున్నవి, కాపాడుకోవలసినవి. రీయింబర్స్‌మెంట్ బకాయిలు పేరుకుపోతే కళాశాలలు సర్టిఫికెట్లు ఆపుతున్నాయి. కొలువు వచ్చిన పిల్లవాడు చేరే రోజున కాగితాలు చూపలేకపోతున్నాడు. ఈ అన్యాయం మీద మన సంఘాలు గట్టిగా అడగాలి. దానితోపాటే, గురుకులాల కంప్యూటర్ గదులలో యంత్రాలు ఏ తరానివి, ఎన్ని పనిచేస్తున్నాయి, ఏ వ్యవస్థ మీద నడుస్తున్నాయి అని సమాచార హక్కు చట్టం కింద అడగాలి. ప్రశ్న ఇంత నిర్దిష్టంగా ఉంటేనే జవాబు వస్తుందని గుమాస్తాగా మా అనుభవం.

ఇక మన చేతిలో ఉన్న పని. విండోస్ 11కు పనికిరావని కంపెనీలు వదిలించుకుంటున్న యంత్రాలు లినక్స్‌కు చక్కగా పనికివస్తాయి. కేరళలో కైట్ సంస్థ ప్రభుత్వ పాఠశాలల కంప్యూటర్లను ఏళ్ల తరబడి ఉబుంటు ఆధారిత స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీదనే నడుపుతున్నది. లక్షలాది పిల్లలు దాని మీదనే నేర్చుకున్నారు. తెలుగులో పనిచేసే ఆపరేటింగ్ సిస్టంను రూపొందించిన స్వేచ్ఛ సంస్థ మన హైదరాబాదులోనే ఉంది. వెళ్లి అడిగితే నేర్పేవారు దొరుకుతారు.

కంపెనీల చట్టం 2013 ప్రకారం నిర్ణీత స్థాయి దాటిన సంస్థలు తమ సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు వెచ్చించాలి. పాత యంత్రాలను దానంగా ఇవ్వమని, ఆ నిధి నుంచి శిక్షకుల జీతాలు భరించమని కారిడార్‌లోని సంస్థలకు మన బస్తీ కమిటీలు లెటర్‌హెడ్ మీద దరఖాస్తు పెట్టాలి. మసీదు కమిటీ గది కావచ్చు, షాదీఖానాలో ఖాళీగా ఉన్న గది కావచ్చు, పది యంత్రాలకు చోటు చాలు. ఉదయం వేళ ఆడపిల్లలకు ప్రత్యేకించాలి, మహిళా శిక్షకురాలిని పెట్టాలి. గచ్చిబౌలి దాకా పంపడానికి వెనుకాడే తల్లిదండ్రులు వీధి చివరి గదికి పంపడానికి వెనుకాడరు. ఆ కారిడార్‌లో పనిచేస్తున్న మన యువతీ యువకులు వారానికి రెండు గంటలు అక్కడ ఇస్తే చాలు. తాము ఇంటర్వ్యూలో ఎదుర్కొన్న ప్రశ్నలను తమ్ముళ్లకు, చెల్లెళ్లకు చెప్పడం కూడా సదఖాయే.

మా బస్తీలో ఇటువంటి గది కోసం రెండు దరఖాస్తులు సిద్ధం చేశాము. ఒకటి సంస్థలకు యంత్రాల కోసం, మరొకటి గురుకులాల సొసైటీకి సమాచారం కోసం. వాటి నమూనాలు కోరేవారికి పత్రిక కార్యాలయం ద్వారా పంపుతాము. మీ బస్తీ పేరు, కమిటీ పేరు మార్చుకుని వాడుకోవచ్చు. విండోస్ 10కు ఇచ్చిన గడువు ముగిసేలోపు ఒక్కొక్క బస్తీలో కనీసం ఒక గది తెరుచుకోవాలని మా కోరిక, ఇన్షా అల్లాహ్.